పుట్టమ్మ ఒంట్లో కరెంటు

పట్టుపురుగుల్లో ఏమైనా తేడా కనిపిస్తే మిట్టేమరిలో జనం మా ఇంటికి వచ్చి పుట్టమ్మను పిలుచుకుపోయేవాళ్ళు. పుట్టమ్మ నా యారాలు, మా మరిది ఆంజనప్ప భార్య. ఇంటికి పెద్దకోడలిని నేను, వనజమ్మను. నన్ను పిలిచే నాథుడు మాత్రం లేడు. ‘నువ్వు ఆకేస్తే పురుగు మేస్తుంది, పుట్టమ్మ వేస్తే పరుగెత్తుకొచ్చి మేస్తుంది’ అని మా ఆయనే నా మొహం మీద అనేవాడు. ఒళ్ళు మండదా మరి? ఆ రోజు ఆయనకు చారు కాస్త నీళ్ళగానే పోసేదాన్ని.

ఆమె నియమాలు కూడా అట్లాగే ఉండేవి. తలస్నానం చేయకుండా పురుగుల ఇంటి గడప దాటకూడదు. ఆ పక్క అగరొత్తి వెలిగించకూడదు, ఇంగువ తాళింపు పెట్టకూడదు. మల్లెపూలు పెట్టుకున్న ఆడది వస్తే పూలు తీసి గూట్లో పెట్టి రమ్మనేది. బీడీ తాగే మా ఆయన్నయితే కిటికీ దగ్గరకు కూడా రానిచ్చేది కాదు. ‘మన ఒంట్లో ఏముంటే అది పురుగుకు తెలుస్తుందక్కా, మనకన్నా ముందే తెలుస్తుంది’ అనేది. మా వైపు పురుగులు మేపే ఇళ్ళన్నింటా ఈ మాట నమ్ముతారు. నేనూ నమ్మాను. అబద్ధమెందుకు, ఇప్పటికీ కొంచెం నమ్ముతాను.

రెండువేల ఆరో సంవత్సరం ఎండాకాలంలో పుట్టమ్మకు రోగం బయటపడింది. ముట్లుడిగి ఏండ్లయిన మనిషికి మళ్ళీ ఎరుపు కనబడుతుంటే ఎవరికీ చెప్పకుండా గుడ్డలు ఉతుక్కుంటూ దాచింది. నా కంట పడ్డాక జుట్టు పట్టి లాక్కుపోయినంత పని చేసి బాగేపల్లి ఆస్పత్రికి తీసుకుపోయాను. వాళ్ళు బెంగుళూరికి పొమ్మన్నారు. బెంగుళూరు పెద్దాస్పత్రిలో డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించి, గర్భసంచి మూతి దగ్గర క్యాన్సర్ అని చెప్పింది.

ఆంజనప్ప అక్కడే గోడకు ఆనుకుని కూలబడ్డాడు. డాక్టరమ్మ అతన్ని లేపి కుర్చీలో కూర్చోబెట్టి, ఇది ముదరలేదని, నయమయ్యే రకమేనని నిదానంగా చెప్పింది. ఆపరేషన్ కూడా అక్కర్లేదు, రేడియేషన్ ఇస్తే చాలు అంది. మావాళ్ళు దాన్ని కరెంటు పెట్టడం అంటారు. ‘ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి, మధ్యలో నిలపకూడదు. నిలిపితే మొదలుపెట్టనట్టే’ అని వేలు చూపించి మరీ చెప్పింది. ముగ్గురం తలలూపాము. ఆ వేలు నాకు ఇప్పటికీ కళ్ళకు కడుతుంది.

మొదలుపెట్టాక నేనే తోడు ఉన్నాను. సత్రంలో గది తీసుకుని దినమూ ఆస్పత్రికి నడిచేవాళ్ళం. శని, ఆదివారాలు మిషన్‌కు సెలవు గనుక శుక్రవారం మధ్యాహ్నమే బస్సెక్కి చిక్కబళ్ళాపురం మీదుగా ఊరికొచ్చేవాళ్ళం. పుట్టమ్మకు వాంతులయ్యేవి, నీరసంగా ఉండేది. కానీ ఎరుపు తగ్గుముఖం పట్టింది, మొహంలో కళ కూడా వచ్చింది.

ఆమె ధైర్యానికి ఇంకో కారణం ఉంది. ఒక్కగానొక్క కూతురు సహనను నంది ఊరికి, ద్రాక్షతోటలవాళ్ళ ఇంటికి ఇచ్చాము. సహనకు అప్పుడు ఆరో నెల. తొలి కాన్పు, పుట్టింటికే రావాలి. పుట్టమ్మ ఏండ్ల తరబడి మెత్తబడిన నూలు చీరలను పారేయకుండా ఉతికి, మడిచి పెట్టెలో దాచుకుంది. సత్రం గదిలో పడుకుని కూడా అవే లెక్కలు. ఏ చీర పొత్తిగుడ్డలకు, ఏది ఉయ్యాలకు. ‘కాళ్ళు చాపుకోని కూచ్చోని బిడ్డకు నీళ్ళు నేనే పోస్తానక్కా. నువ్వు అడ్డం రావద్దు, ఇప్పుడే చెప్తాండా’ అనేది.

‘ఓయమ్మా, పోసుకోవే. నా చేతులేమన్నా ఊరికే దురద పెడతాండాయా?’ అనేదాన్ని నేను.

ఒక సాయంత్రం సత్రం మెట్ల మీద కూర్చుని ఉన్నట్టుండి అడిగింది.

‘అక్కా, మిషనేసేటప్పుడు నర్సులు, డాక్టర్లు అందురూ బయటికి పోతారు. గోడంత మందం తలుపు మూస్తారు. నన్నొక్కదాన్నే ఆడ పండబెడతారు. వాళ్ళు అంత భయపడేది ఏందక్కా నా ఒంట్లోకి పోస్తాండేది?’

‘నాకేం తెలుసే? వాళ్ళ పద్ధతి వాళ్ళది’ అన్నాను. నేను దాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

సగం చికిత్స అయింది. ఆ శుక్రవారం ఇంటికొచ్చేసరికి పురుగులు నాలుగోసారి పొర విడిచి, నిద్ర లేచి ఆవురావురుమని మేస్తున్నాయి. వాన ముసురు పట్టి వదలడం లేదు. ఆంజనప్ప ఒక్కడే ఆకు కోసుకొచ్చి ఆరబెట్టే తీరిక లేక తడి ఆకే వేస్తున్నాడు. పుట్టమ్మ చూసి ఉండలేకపోయింది. స్నానం చేసి, కొంగు బిగించి లోపలికి పోయింది. ఆ రెండు రోజులు తట్ట తట్టకూ తన చేత్తోనే ఆకు వేసింది. ఎన్నాళ్ళకో మనిషి నవ్వుతూ కనిపించింది.

సోమవారం పొద్దున బస్సుకు తయారవుతుంటే ఆంజనప్ప పురుగుల ఇంట్లోనుంచి కేకేశాడు. పాలురోగం. పురుగులు ఉబ్బి, పసుపు తిరిగి, తట్టల అంచుల మీద తిరుగుతున్నాయి. ముట్టుకుంటే చర్మం పగిలి పాలలాంటి నీళ్ళు కారుతున్నాయి. సాయంత్రానికి పంటంతా పోయింది. మా వీధిలోనే మరో రెండిళ్ళలో కూడా అదే రోగం. పిళ్ళప్ప ఇంట్లో అయితే మాకన్నా ముందే మొదలైందట. వానకు, తడి ఆకుకు వచ్చే రోగమది, పుట్టమ్మే ఎంతమందికో చెప్పి ఉంటుంది.

అవన్నీ చెప్పాను. ఆమె చెవికి ఎక్కలేదు. చచ్చిన పురుగులను గంపల్లో పోసి గుంట తవ్వి సున్నం చల్లుతుంటే దూరంగా నిలబడి చేతులు చూసుకుంటూ ఉంది.

‘నేను ముట్టుకున్న్యా, అవి సచ్చిపోయినాయి’ అంది.

‘పిళ్ళప్పోళ్ళ ఇంట్లో కూడా నువ్వే పోయి ముట్టుకున్న్యావా? కాకి వాలడం, తాటిపండు రాలడం. అంతే. పద, సాయంత్రం బస్సుకు టైమైతాండాది.’

‘నేను రాను.’

‘ఏమే?’

‘సహన వస్తాది. పొట్టలో బిడ్డతో వస్తాది. నా ఒంట్లో ఈ కరెంటు పెట్టుకోని నేను దాని పక్కన ఎట్ల పండుకునేదక్కా? పురుగులే తట్టుకోలేకపోయినాయి. పుట్టినబిడ్డ తట్టుకుంటాదా?’

నేను అరిచాను. తిట్టాను. ఆ వేలు చూపించిన డాక్టరమ్మను గుర్తుచేశాను. ‘నువ్వు సస్తే బిడ్డకు నీళ్ళెవురే పోసేది?’ అని కూడా అనేశాను. ఆంజనప్ప కాళ్ళావేళ్ళా పడ్డాడు. ‘కాన్పు కానీ, అప్పుడు పోతాను. కరెంటు యాడికీ పోదు, మిషను యాడికీ పోదు’ అంది. పుట్టమ్మ నెమ్మదిగా మాట్లాడే మనిషి. నెమ్మదిగా మాట్లాడేవాళ్ళ మొండితనం ముందు నాలాంటి అరిచేవాళ్ళు నిలవలేరు.

ఆ వారమే ఆంజనప్ప చింతామణిలో ఇంకో రకం మిషన్ గురించి విని వచ్చాడు. బస్టాండు వెనక ఎరువుల అంగడి మీద మిద్దెలో కొత్తగా తెరిచారు. బోర్డు మీద కన్నడంలోనూ తెలుగులోనూ రాశారు, ‘విద్యుదయస్కాంత తరంగాల చికిత్స. క్యాన్సర్ రోగులకు ఆస్పత్రి వైద్యానికి తోడుగా’ అని. నడిపే అతని పేరు సునీల్‌కుమార్. మందుల కంపెనీలో పనిచేసి మానేశాడట. తెల్ల కోటు, నున్నగా దువ్విన తల, మెత్తని మాట. అక్కడికి పోతే కనీసం మళ్ళీ బెంగుళూరికి పోయే ధైర్యమైనా వస్తుందేమోనని నేనూ వెంట పోయాను.

మంచం మీద నల్లని పరుపు. దాని చుట్టూ పెద్ద జల్లెడ చట్రంలాంటి రింగు. పక్కన కంప్యూటర్‌లో ఆకుపచ్చ గీతలు లేస్తూ పడుతూ ఉన్నాయి. మిషన్ వేస్తే సన్నగా రొద, అంతే. పుట్టమ్మ మొదట గమనించింది వేరే సంగతి. మిషన్ నడుస్తున్నంతసేపూ సునీల్‌కుమార్ ఆమె పక్కనే స్టూలు మీద కూర్చున్నాడు. తలుపు బార్లా తెరిచే ఉంది. ఆమె మొహంలో భయం పోయింది.

‘ఆస్పత్రి విడిచిపెట్టొద్దని నేను అందరికీ చెప్తాండానమ్మా. ఇది దానికి తోడు మాత్రమే. నొప్పి తగ్గుతాది, నిద్ర పడతాది’ అన్నాడు అతను. ఆ మాట అన్నాడు, లేదని చెప్తే పాపం నాకే తగులుతుంది.

అప్పుడు పుట్టమ్మ అడిగింది. ‘ఏమప్పా, ఆస్పత్రోళ్ళు నా ఒంట్లో పెట్టిన కరెంటును మీ మిషను బయటికి లాగేస్తాదా?’

అతను కంప్యూటర్ వైపు చూశాడు. ‘లేదమ్మా’ అని ఒక్క మాట చాలు. ‘నీ ఒంట్లో ఏమీ లేదు’ అంటే ఇంకా మంచిది. అతనికి తెలుసో తెలియదో ఆ దేవుడికే ఎరుక. కొంచెంసేపు నీళ్ళు నమిలి, ‘మా తరంగాలు శానా మెత్తనివమ్మా. ఒంట్లో ఏదన్నా ఎక్కువతక్కువ ఉంటే బ్యాలెన్స్ చేస్తాయి’ అన్నాడు.

‘బ్యాలెన్స్ అంటే ఏందప్పా? లాగుతాదా, లాగదా? ఒక్క మాట చెప్పు!’ అని నేను లేచాను.

‘కోపం చేసుకోవద్దమ్మా. పేషెంటు మనసు నెమ్మదిగా ఉండాల.’

‘అట్లయితే నువ్వే చెప్పు, బెంగుళూరికి పొమ్మని. నీ మాటైతే ఇంటాది.’

‘నేను చెప్పినాను గదమ్మా. పోయేది పోనిది వాళ్ళ ఇష్టం.’

పుట్టమ్మకు కావలసిన జవాబు అప్పటికే దొరికింది. కళ్ళు మూసుకుని పరుపు మీద హాయిగా పడుకుంది. ఆ రొదలో తన ఒంట్లో కరెంటు కొంచెం కొంచెంగా దిగిపోతోందని ఆమె లెక్క. ఆంజనప్ప ఆమె కాళ్ళ దగ్గర నిలబడి దండం పెట్టుకుంటున్నాడు. నేను బయటికొచ్చి ఎరువుల మూటల మధ్య కూర్చుని ఏడ్చాను.

వారం వారం చింతామణి బస్సు ఎక్కడం మొదలైంది. ఎరుపు పూర్తిగా ఆగిపోయింది. ఆకలి వేసింది, నడక వచ్చింది. ‘చూసినావా అక్కా?’ అనేది. ఆస్పత్రి వాళ్ళు పెట్టిన సగం కరెంటు చేసిన పని అది. కష్టం ఒకడిది, పేరు ఇంకొకడికి. ఆ మాట చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. వింటేనా!

సహన రాగానే పుట్టమ్మ మల్బరీ తోటలో పంపుసెట్టు గదిలోకి మకాం మార్చేసింది. ఒంట్లో నలతగా ఉంది, పొట్టతో ఉన్నదానికి అంటుకోకూడదు అని చెప్పించింది. ఆస్పత్రి పని పూర్తిగా అయిపోయిందని కూడా చెప్పించింది. నాతో, ఆంజనప్పతో ఒట్టు వేయించుకుంది. నిండు చూలాలికి నిజం చెప్పి గుండె పగలగొట్టడానికి నాకూ మనసొప్పలేదు. సహన గెనిమ గట్టు మీద నిలబడి, ‘అమ్మా, ఒక్కసారి దగ్గరికి రాకూడదా?’ అని అడిగేది. పుట్టమ్మ తలుపు దగ్గర నిలబడి, ‘కాళ్ళు వాస్తాయి, పోయి పండుకోమ్మా’ అనేది.

బాగేపల్లి ఆస్పత్రిలో ఆడబిడ్డ పుట్టింది. తెల్లగా, ఒత్తయిన జుట్టుతో, ఏడుపయితే నాకు మల్లే ఊరంతా వినపడేటట్టు. ఇంటికి తెచ్చిన రోజు సహన వాకిట్లో నిలబడి బిడ్డను తల్లి వైపు చాపింది. పుట్టమ్మ రెండడుగులు వేసి ఆగిపోయింది. చేతులు వెనక్కి పెట్టుకుంది. ‘మీ పెద్దమ్మకియ్యి’ అంది. సహన చాపిన చేతులు అట్లాగే కొంచెంసేపు ఉండిపోయాయి. తర్వాత బిడ్డతో లోపలికి పోయింది.

నీళ్ళు నేనే పోశాను. కాళ్ళు చాపుకుని బిడ్డను పడుకోబెట్టుకుంటే, పుట్టమ్మ దొడ్డి గోడ అవతల నిలబడి మునికాళ్ళ మీద లేచి చూస్తూ ఉండేది. ‘మెడ కింద చెయ్యి పెట్టక్కా. అయ్యో, ముక్కులోకి పోతాయి! నీళ్ళు వేడి చూసినావా?’ అని అక్కడి నుంచే చెప్పేది.

‘ఇద్దరు బిడ్డలకు పోసినానే నేను! రావే, వచ్చి నువ్వే పోసుకోవే!’ అని గదమాయించేదాన్ని. అనేసి మళ్ళీ బిడ్డ మీదికి వంగిపోయేదాన్ని. ఆమె మొహం చూస్తే నీళ్ళు పోయడం నా వల్ల అయ్యేది కాదు.

నామకరణం కూడా అయిపోయింది. ‘ఇంకెప్పుడే?’ అని నేను అడిగిన రోజు ఆమె ఒక కోరిక కోరింది.

‘కొత్త పంట వచ్చింది గదా. ఒక తట్ట పసిపురుగులు నాకియ్యక్కా. తోటలోనే పెట్టుకోని నేనొక్కదాన్నే మేపుతా. అవి బతికితే కరెంటు దిగినట్టు. అప్పుడు బిడ్డను ఎత్తుకుంటా.’

పురుగు ఇంట్లో పుట్టి పెరిగినదానికి తప్ప ఇట్లాంటి ఆలోచన వస్తుందా? ఏ డాక్టరు చెప్పినా నమ్మదు, పురుగు చెబితే నమ్ముతుంది. తట్ట ఇచ్చాను. దినమూ పొద్దున్నే ఆకు కోసే వంకతో పోయి ఆ తట్టను చూసేదాన్ని. అవి చస్తే ఈమె బిడ్డను ముట్టుకోదు. బతికితే మిషన్ గెలిచినట్టు, బెంగుళూరు మాట ఇక ఎత్తనివ్వదు. అవి బతకాలని మొక్కుకోవాలో, చావాలని మొక్కుకోవాలో తెలియక రాయిలాగా నిలబడేదాన్ని. దేవుడి ముందు కూడా ఏమీ అడగలేకపోయాను.

బతికాయి. ఒక్కటంటే ఒక్కటి చావలేదు. వానలు పోయి ఎండలు కాస్తున్నాయి, ఆకు పొడిగా ఉంది, ఎందుకు చస్తాయి? గూళ్ళు కట్టిన రోజు పుట్టమ్మ వాటిని ఒడిలో పోసుకుని తోటలోనుంచి పరుగున వచ్చింది. ఆ వయసులో, ఆ ఒంటితో పరుగు. ‘అక్కా, నీళ్ళు కాగబెట్టు!’ అని కేక. తలస్నానం చేసి, తడి జుట్టుతోనే వాకిట్లో కూర్చుని కాళ్ళు చాపింది. ‘ఇటియ్యమ్మా’ అంది సహనతో.

బిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, నూనె రాస్తూ, ఒక్కో వేలూ నిమురుతూ ఎంతసేపు ఉందో! కంట్లోనుంచి నీళ్ళు కారి బిడ్డ పొట్ట మీద పడుతున్నాయి. ‘నా తల్లి, నా బంగారు, ఇన్నాళ్ళు నీకు అవ్వ లేకపోయె’ అని గొణుగుతూనే ఉంది. సహన గడపలో కూర్చుని చూస్తోంది. మిషన్ మీద, సునీల్‌కుమార్ మీద నాకున్న కోపమంతా ఆ పూటకు ఎక్కడికి పోయిందో. నేను కూడా వెక్కి వెక్కి ఏడ్చాను.

మర్నాడే అడిగాను. ‘ఎత్తుకున్నావు గదే. ఇంక పోదాం పద, బెంగుళూరికి.’

‘మళ్ళీ పెట్టించుకుంటే మళ్ళీ దింపాల గదక్కా. కొంచెం బోర్లపడనీ’ అంది.

బోర్లపడింది. పాకనీ అంది. సహనను అత్తవారింటికి పంపాక పోదామంది. బిడ్డను విడిచి ఉండలేక సహననే ఇంకొన్నాళ్ళు ఉంచుకుంది. చెయ్యి పట్టి లాగితే వచ్చే మనిషైతే లాగేదాన్ని. ఒకసారి లాగాను కూడా, బస్టాండు దాకా వచ్చి బిడ్డ ఏడుస్తోందని వెనక్కి తిరిగింది.

బిడ్డ పాకడం మొదలుపెట్టేసరికి పుట్టమ్మ ఎడమకాలు వాచింది. నడుములో నొప్పి అని రాత్రుళ్ళు కూర్చునే ఉండేది. మళ్ళీ ఎరుపు. చింతామణికి పోతే సునీల్‌కుమార్ మొహం పాలిపోయింది. ‘ఆస్పత్రికి పిలుచుకోని పోండమ్మా, ఈపొద్దే పోండి’ అన్నాడు. ఆ మాట ముందే అంత గట్టిగా అని ఉంటే నీ సొమ్మేం పోయేదిరా అని వాడి కాలరు పట్టుకున్నాను. ఆంజనప్ప విడిపించాడు.

బెంగుళూరులో అదే డాక్టరమ్మ. పాత చీటీ తెరిచి చూసింది, కొత్త పరీక్షలు చూసింది. లోపల పాకిపోయిందని, ఇప్పుడు నొప్పి తగ్గించడమే తప్ప నయం చేయడం కుదరదని చెప్పింది. ‘మధ్యలో ఎందుకు నిలిపారమ్మా? ఇది బాగయ్యేది. నేను చెప్పాను గదా’ అని కన్నడంలో అడిగింది. పుట్టమ్మ తల వంచుకుంది. నేనే చెప్పాను. పురుగులు, పాలురోగం, మందం తలుపు, బిడ్డ, తట్ట, అన్నీ.

డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

‘అదేమీ ఒంట్లో మిగలదమ్మా. దీపం ఆర్పేస్తే వెలుగు గదిలో మిగులుతుందా? ఇదీ అంతే, మిషన్ ఆపిన క్షణమే అయిపోతుంది. మేము బయటికి పోయేది ఎందుకంటే దినమంతా ఎంతోమందికి ఇస్తాము, అన్నిసార్లూ మేము లోపల ఉండకూడదు. అంతే గాని మీలో నుంచి ఎవరికీ ఏమీ రాదు.’

పుట్టమ్మ తలెత్తింది. ‘అయితే ఆ దినాల్లోనే నేను బిడ్డను ఎత్తుకోవచ్చునా అమ్మా?’

‘మిషన్ గదిలోనుంచి బయటికి వచ్చి, తలుపు దగ్గరే ఎత్తుకోవచ్చు.’

‘పొట్టతో ఉండే కూతురి పక్కన పండుకోవచ్చునా?’

‘ఏనూ ఆగ్తిరలిల్లమ్మా. ఏమీ అయ్యేది కాదు’ అంది డాక్టరమ్మ. ‘ఎవరూ చెప్పలేదా మీకు?’

ఎవరు చెప్తారు? అంత మందం తలుపు మూసేవాళ్ళు, మూసేముందు ఈ ఒక్క ముక్క చెప్పి ఉంటే! వాళ్ళకు అది చెప్పాల్సిన సంగతే కాదు. మాకు అది అడగాలని తట్టలేదు. ఆ ఇద్దరి మధ్యలో పడి నా యారాలు చచ్చిపోతోంది. నాకు ఎవరిని తిట్టాలో తెలియలేదు. జీవితంలో మొదటిసారి నాకు తిట్టడానికి మనిషి దొరకలేదు.

తిరుగు బస్సులో పుట్టమ్మ కిటికీ పక్కన కూర్చుంది. చిక్కబళ్ళాపురం దాటాక నా చెయ్యి పట్టుకుంది.

‘సహనకు చెప్పొద్దక్కా.’

‘ఏం చెప్పొద్దు?’

‘బిడ్డ కోసరమని నిలిపేసినానని చెప్పొద్దు. నా బిడ్డ వల్ల మా అమ్మ సచ్చిపోయిందని అనుకుంటాది. ఏదో ఒక దినం కోపంలో ఆ పాపను అనేస్తాది కూడా. ఆ పసిదానికి ఆ మాట పడకూడదు. నువ్వు నాకు మాటియ్యి.’

ఇచ్చాను. ఏం చేయను? ఆ చెయ్యి ఎంత తేలికైపోయిందో.

ఇంటికొచ్చాక బిడ్డను ఒళ్ళోనుంచి దించలేదు. నొప్పితో మూలుగుతూ కూడా పక్కలోనే పడుకోబెట్టుకుంది. ‘ఇటియ్యమ్మా, నీకు చేతగావడంలేదు’ అని సహన తీసుకోబోతే, ‘ఉండనీ, నాకింకా బాకీ ఉండాది’ అనేది. బిడ్డ ఆమె మెడలో నల్లపూసలు లాగుతూ ఆడుకునేది. మరుసటి వేసవి దాటకుండానే పుట్టమ్మ పోయింది.

పెద్దకర్మ అయిన మర్నాడు చుట్టాలందరూ వెళ్ళిపోయారు. సహన నందికి బయలుదేరాలని బట్టలు సర్దుతోంది. తల్లి పెట్టెలోనుంచి మెత్తని నూలు చీరలు తీసి ఒక్కొక్కటి మడుస్తూ, తల ఎత్తకుండా అడిగింది.

‘పెద్దమ్మా, ఒక మాట అడుగుతా, నిజం చెప్పు. పుట్టిన కొత్తలో అమ్మ పాపను ముట్టుకోనే లేదు. తోటలో పోయి కూచ్చునింది. నలత అన్యారు. నలత అయితే పురుగుల తట్ట మేపుతాదా? పురుగులకైతే చేతులొచ్చినాయి, నా బిడ్డకు రాలేదు. ఆడబిడ్డ పుట్టిందని గదా?’

‘కాదే’ అన్నాను. ‘మీ అమ్మ అట్లాంటిది కాదే.’

‘మరెందుకు?’

ఆమె నా కళ్ళలోకి చూస్తోంది. ఏండ్ల తరబడి ఊరంతటికీ వినపడేలా అరిచిన నేను, ఆ పూట ఒక్క మాట చెబితే చాలు, కూతురి గుండెలో తల్లి కడిగిన ముత్యంలా నిలబడేది. నాలుక చివరిదాకా వచ్చింది. పాప చాప మీద కూర్చుని ఒక చీర కొంగు నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది.

‘ఎందుకో నాకు తెలీదు తల్లీ’ అన్నాను.

సహన తలూపింది. తాను అనుకున్నదే నిజమని తేలినట్టుగా ఊపింది. ఆ చీరలు ఒక్కటి కూడా పెట్టుకోకుండా, మళ్ళీ పెట్టెలోనే సర్ది మూత వేసింది. ఆంజనప్ప సంచి మోసుకుని ముందు నడిచాడు. నేను పాపను చంకనెత్తుకుని బస్టాండు దాకా పోయాను. బస్సు కదిలి, మలుపు తిరిగి, దుమ్ము అణిగిపోయాక కూడా, అక్కడే నిలబడి, పుట్టమ్మను నోరారా తిట్టుకుంటూ ఏడ్చాను.